బరంపురంలో 40 ఏళ్ల బట్టల కొట్టు ఆన్‌లైన్‌లోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదండి. బరంపురం బడాబజార్‌లో మీ నాన్నగారిది 40 ఏళ్ల కొట్టు. పట్టుచీరలు, జోడాలు (మగవాళ్ల పట్టు పంచె, కండువా జత), పెళ్లిబట్టలు ముఖ్యం, రోజువారీ చీరలూ ఉంటాయి. కరోనా తర్వాత బేరాలు బాగా తగ్గాయి. వీధిలో పిల్లలంతా ఫోన్లోనే తెప్పించుకుంటున్నారు. ఒక ఏజెన్సీవాళ్లు వెబ్‌సైట్‌కి 60 వేలు, ఆపైన ప్రచారానికి నెలకు 15 వేలు అడిగారు. నాన్నగారేమో "మన కొట్టు తెలియనోడెవడు, ఇదంతా దండగ" అంటున్నారు. ఎవరి మాట వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లో అమ్మాలా అన్నది మీ సందేహం.

ఇప్పుడు వెబ్‌సైట్ వద్దండి. ఆ 60 వేలు కట్టకండి. మొదటి ఆరు నెలలూ మూడే పనులు చేయండి. గూగుల్ మ్యాప్‌లో కొట్టు వివరాలు సరిగ్గా పెట్టండి. పాత ఖాతాదారులను వాట్సాప్ బిజినెస్‌లోకి తీసుకురండి. కొత్త సరుకు దిగిన ప్రతిసారీ పగటి వెలుగులో ఫోటోలు తీయండి. వీటికి బయటివాళ్లెవరికీ పైసా కట్టక్కర్లేదు, రోజుకో గంట మాత్రం తప్పకుండా కావాలి. ఇక నాన్నగారి మాటంటారా, అందులో సగం నిజం. ఆ సగం మీదే ఈ పనంతా నిలబడుతుంది.

నేను 11 ఏళ్లుగా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం కొట్లకు ఈ పని చేసిపెడుతున్నాను. మాదీ కొట్టున్న ఇల్లే, స్టీలు ఇత్తడి సామాన్లు. కాబట్టి గల్లా దగ్గర కూర్చున్నవాళ్లకి ఈ విషయంలో ఎక్కడ భయం వేస్తుందో నాకు తెలుసు.

నాన్నగారి మాటలో నిజమైన సగం ముందు చూద్దాం. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి, ఇటు హింజిలికాటు, అస్కా, దిగపహండి నుంచి మీ కొట్టుకి మనుషులు 40 ఏళ్లుగా వస్తున్నారు. ఫలానా ఇంట్లో పెద్దమ్మాయి పెళ్లికి ఏ రంగు తీసుకున్నారో, ఆ ఇంటావిడ ఎంతదాకా బేరమాడుతుందో, చిన్నమ్మాయి పెళ్లీడుకు వచ్చిందో లేదో ఆయనకు తెలుసు. ఏ పెద్ద కంపెనీ దగ్గరా ఈ లెక్క లేదు. తప్పిన సగం ఏమిటంటే, ఆ లెక్కంతా ఆయన తలలోనూ పాత బిల్లు పుస్తకాల్లోనూ ఉండిపోయింది. చిన్నమ్మాయి తల్లిని అడగదు, ఫోన్‌ని అడుగుతుంది. ఆ ఫోన్‌లో మీ కొట్టు కనబడదు. మీ మొదటి పని కొత్తవాళ్లను వెతకడం కాదు, మీకు ముందే తెలిసిన ఇళ్లలోని కొత్త తరానికి కనబడటం. ఏజెన్సీలు ఈ మాట చెప్పవు. ఎందుకంటే దీనికి బిల్లు వేయడం కష్టం.

ఊరి పేరుతోనే మొదటి చిక్కు. ఇది మన సరిహద్దు ఊళ్లకు ప్రత్యేకం, బయటి ఏజెన్సీలకు అసలు తట్టదు. మనం బరంపురం అంటాం. ప్రభుత్వ కాగితాల్లో బ్రహ్మపూర్. ఇంగ్లిషులో చాలామంది రాసేది బెర్హంపూర్. పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు కూడా బహరంపూర్, దాని ఇంగ్లిషు స్పెల్లింగ్ మనదానికి ఒకటి రెండు అక్షరాల తేడా. పైగా అదీ పట్టుకు పేరున్న జిల్లానే. మా ఇత్తడి బిందెల పార్శిల్ ఒకటి అక్కడికెళ్లి, తిరిగి మా దగ్గరికి రావడానికి 19 రోజులు పట్టింది. ఒక బట్టల కొట్టుకి బయటి ఏజెన్సీవాళ్లు ఊరి పేరు టైపు చేసి యాడ్ పెడితే, మొదటి వారమంతా బెంగాలీలో మెసేజులు వచ్చాయి. ఓనరుకి బోలెడు ఎంక్వయిరీలు వస్తున్నాయని సంబరం. ఒక్కరూ కొట్టుకి రాలేదు.

అందుకని ఎక్కడ అడ్రసు రాసినా గంజాం జిల్లా, ఒడిశా, 760తో మొదలయ్యే పిన్‌కోడ్ మూడూ కలిపి రాయండి. ముర్షిదాబాద్‌ది 742. కస్టమరు అడ్రసు పంపినప్పుడు కూడా ముందు పిన్ చూడండి, తర్వాతే ఊరి పేరు. జయపురం కొట్లది ఇదే బాధ, రాజస్థాన్ జైపూర్‌తో. పర్లాకిమిడి సంగతి ఇంకో రకం. దాన్ని నాలుగైదు స్పెల్లింగుల్లో రాస్తారు, కొట్టు ఒకదానితో ఉంటే జనం ఇంకోదానితో వెతుకుతారు.

ఇక గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. గూగుల్ మ్యాప్‌లో మీ కొట్టు వివరాలు కనబడే పేజీ ఇదే, ఉచితం. దగ్గర్లోని కొట్లను చూపించేటప్పుడు గూగుల్ ముఖ్యంగా మూడు చూస్తుంది: వెతికిన మాటకు కొట్టుకు ఉన్న సంబంధం, వెతికేవాళ్ల నుంచి దూరం, ఆ కొట్టుకున్న పేరుప్రతిష్ఠ. దూరం మీ చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి. సంబంధం కోసం ముఖ్య కేటగిరీని ఊరికే బట్టల షాపు అని కాకుండా చీరల షాపు అని పెట్టండి. వివరణలో బ్రహ్మపూర్, బరంపురం రెండు పేర్లూ వచ్చేట్టు రాయండి. కొట్టు పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. "బెస్ట్ సిల్క్ శారీస్ బరంపురం" లాంటివి పేరుకు తగిలించమని కొందరు సలహా ఇస్తారు, వినకండి. అది గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆపేసే ప్రమాదం ఉంది. పండుగ ముందు ఆగిపోతే సీజనంతా పోయినట్టే.

ఇప్పుడు వెరిఫికేషన్‌కి చాలావరకు వీడియో అడుగుతున్నారు. వీధి, పక్క కొట్లు, మీ బోర్డు, షట్టరు తీయడం, లోపల గల్లా, లైసెన్సు కాగితం, ఇవన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. పొద్దున్నే బజారు ఖాళీగా ఉన్నప్పుడు తీయండి. మ్యాప్‌లో పిన్ సరిగ్గా మీ గుమ్మం మీద ఉందో లేదో మీరే నడిచి చూసుకోండి. బడాబజార్ సందుల్లో అది వెనక వీధిలో పడటం నేను చాలాసార్లు చూశాను. రాయగడలో ఒక హార్డ్‌వేర్ కొట్టు పిన్ రైలు పట్టాలకు అవతల పడింది. ఏడాదిపాటు కొత్త కస్టమర్లు అవతలికెళ్లి, ఏ కొట్టూ కనబడక వెనక్కి తిరిగిపోయారు.

ఆ ప్రొఫైల్‌కి ఓనరు మీ జీమెయిల్ మాత్రమే కావాలి. రేపు ఏ ఏజెన్సీని పెట్టుకున్నా వాళ్లను మేనేజర్‌గా చేర్చండి, ఓనర్‌గా కాదు. ఇంతకుముందు చెప్పిన ఆ హార్డ్‌వేర్ కొట్టుకే రెండో దెబ్బ ఇది. పెట్టినవాళ్లు తమ మెయిల్‌తో, తమ ఫోన్ నంబరుతో పెట్టారు. డబ్బు దగ్గర మాట తేడా వచ్చాక ఫోన్లన్నీ వాళ్లకే వెళ్లేవి. తిరిగి రాబట్టడానికి మూడు నెలలు నేనూ ఆ ఓనరూ తిరిగాం. ఆ మూడు నెలల్లో ఆయన కోల్పోయిన బేరాలు తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, ఎప్పుడైనా కొనే వెబ్‌సైట్ పేరు, అన్నిటికీ ఇదే జాగ్రత్త.

రివ్యూలు కొనకండి, రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనీ అనకండి. రెండూ నియమాలకు విరుద్ధమే. పెళ్లిబట్టలు తీసుకుని సంతోషంగా సంచి అందుకుంటున్నప్పుడు, గల్లా దగ్గర క్యూఆర్ చూపించి "ఒక మాట రాయండమ్మా" అంటే చాలు. ఒడియాలో రాసినవాళ్లకు ఒడియాలో, తెలుగులో రాసినవాళ్లకు తెలుగులో జవాబివ్వండి. చెడ్డ రివ్యూ వస్తే ఆ రోజు రాత్రి జవాబు రాయొద్దు, మర్నాడు పొద్దున రాయండి.

వాట్సాప్ దగ్గర కొంచెం ఆగి చెప్పాలి, మన కొట్లకు అసలు బేరం అక్కడే.

మామూలు వాట్సాప్ కాకుండా వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టండి, అదీ ఉచితమే. పాత సంచుల మీద 0680తో మొదలయ్యే మీ ల్యాండ్‌లైన్ నంబరు ఉంటుంది కదా, అది ఇంకా పనిచేస్తుంటే దాన్నే పెట్టుకోవచ్చు. వెరిఫికేషన్ కోడు ఫోన్ కాల్‌లో చెప్తుంది. ఊరంతటికీ అలవాటైన నంబరు అది, వదులుకోకండి.

దీని కిటుకు ఒకటి చాలామందికి తెలియదు. ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు గానీ, మీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. మీరు వాళ్ల నంబరు సేవ్ చేసుకుంటే సరిపోదు. అంటే అసలు పని గల్లా దగ్గర జరగాలి. బిల్లు రాస్తూ "కొత్త సరుకు వచ్చినప్పుడు ఫోటోలు పంపమంటారా?" అని అడగండి. సరే అన్నవాళ్లతో అక్కడికక్కడే నంబరు సేవ్ చేయించండి. వద్దన్నవాళ్లను వదిలేయండి. పాత బిల్లు పుస్తకాల్లోని నంబర్లన్నీ ఒక్కరోజులో ఎక్కించి, బయట దొరికే బల్క్ సాఫ్ట్‌వేర్‌తో అందరికీ మెసేజులు పంపించడం మాత్రం చేయకండి. నంబరు బ్యాన్ అవుతుంది, 40 ఏళ్ల పేరూ పోతుంది.

లిస్టులు భాషవారీగా, సరుకువారీగా విడగొట్టండి: తెలుగు పట్టు, ఒడియా పట్టు, జోడాలు, ఈ ఏడాది పెళ్లి ఉన్న ఇళ్లు. నెలకు రెండుసార్లకు మించి పంపొద్దు. రోజూ గుడ్ మార్నింగులు పంపే కొట్టుని జనం మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత మంచి చీర వచ్చినా చూడరు.

భాష విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. తెలుగువాళ్లం కాబట్టి తెలుగులో పెడితే చాలనుకోవద్దు, అందరికీ అర్థమవుతుందని హిందీలో పెట్టడమూ వద్దు. మీ కొట్టులో గుమాస్తా ఒడియా ఆవిడను చూడగానే "నమస్కార్ ఆజ్ఞా" అని ఒడియాలోకి, సోంపేట ఆవిడ రాగానే తెలుగులోకి మారిపోతాడు. ఫోన్లో కూడా అలాగే మారాలి. రాయడం కష్టమైతే నాన్నగారితో రెండు భాషల్లో అరనిమిషం మాట్లాడించి, ఆ వాయిస్ పంపండి. పచ్చళ్లు, అప్పడాలు అమ్మే ఒక పెద్ద దంపతులకు నేనిలాగే చేయించాను. వాళ్లు అప్పటికే వెబ్‌సైట్‌కి డబ్బు కట్టి, ఏడాదిలో మూడు ఆర్డర్లు చూశారు. ఆవిడ "ఈసారి మామిడికాయ బాగా పుల్లగా దొరికింది, ఆవకాయ పెట్టాను" అని తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పిన వాయిస్ పంపిన వారంలో పెట్టిన జాడీలన్నీ అయిపోయాయి. గొంతు గుర్తుపట్టి ఫోన్ చేసినవాళ్లే ఎక్కువ. వాళ్లు ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు ముందునుంచీ వేసేవాళ్లు కాబట్టి పార్శిల్ పంపడానికీ చిక్కు రాలేదు. తినే సరుకు అమ్మేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే అది మర్చిపోకండి.

సూరత్ సంగతి కూడా మీకు చెప్పాలి. గంజాం జిల్లాలో మగ్గాల పనికి సూరత్ వెళ్లిన మనిషి లేని ఊరు అరుదు. వాళ్లు పండక్కి ఇంటికి డబ్బు పంపుతారు, ఆ డబ్బులో కొంత బట్టలకే పోతుంది. హింజిలికాటు వైపు ఒక బట్టల కొట్టాయనకు నేను చెప్పింది ఇంతే: కొడుకు సూరత్‌లో, తల్లి ఇక్కడ. తల్లిని కొట్టుకి రమ్మనండి. ఆవిడ ముందు నాలుగు చీరలు పరిచి కొడుక్కి వీడియో కాల్ కలపండి. అతను యూపీఐలో డబ్బు వేస్తాడు, ఆవిడ చీర పట్టుకెళ్తుంది. కొరియరు లేదు, రిటర్ను లేదు, చీర నచ్చలేదన్న గొడవ లేదు. ఒడియావాళ్ల రజో పండగ ముందు రెండు వారాలు ఆ కొట్టులో రోజూ సాయంత్రం ఇదే పని. ఆ ఓనరుకి ఇన్‌స్టాగ్రామ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఇంతకంటే మంచి ఆన్‌లైన్ వ్యాపారం మన జిల్లాలో నేను చూడలేదండి.

మీ వ్యాపారానికి క్యాలెండరు కూడా రెండు వైపులా ఉంటుంది. జూన్ నడిమధ్య రజో, తర్వాత మనవాళ్ల శ్రావణం, ఆపైన దసరా, కుమార పున్నమి, సంక్రాంతి, ఉగాది. రెండేళ్లకోసారి చైత్రంలో మన ఊరి అమ్మవారి ఠాకురాణి జాత్ర. జాత్ర రోజుల్లో ఊరు కిక్కిరిసిపోతుంది, వచ్చినవాళ్లు ఫోన్లో దగ్గర్లోని కొట్లు వెతుకుతారు. అప్పుడు కొట్టు తెరిచే వేళలు మారితే గూగుల్‌లో ముందే మార్చండి. తెరిచి ఉందని చూసి వచ్చినవాళ్లకు మూసిన షట్టరు కనబడితే, వాళ్లు రాసే మొదటి మాట అదే.

ఫోటోలు. పట్టుచీరను ట్యూబ్‌లైటు కింద తీస్తే మెరూన్ ఎరుపవుతుంది, నెమలికంఠం మామూలు నీలమవుతుంది. చీర అందుకున్నాక "ఫోటోలో వేరేలా ఉంది" అన్న గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. ఉదయం తొమ్మిది పదింటికి గుమ్మం దగ్గర, నేరుగా ఎండ పడనిచోట తీయండి. ఒక చీరకు నాలుగు ఫోటోలు: మొత్తం మడత, అంచు దగ్గరగా, పైట కొంగు, జాకెట్టు ముక్క. వీటితోపాటు పది సెకన్ల వీడియో, కొంగుని చేత్తో కదిలిస్తూ. జరీ మెరుపు ఫోటోలో రాదు, కదిలితేనే కనబడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే మోడల్ ఫోటోలు ఒక్కటి కూడా వాడకండి. మీ కొట్టు గోడ, మీ చెక్క బల్ల, నాన్నగారి చెయ్యి ఫోటోలో కనబడితే అది మీ సరుకేనని జనం నమ్ముతారు.

బరంపురం పట్టు అని రాసేటప్పుడు నిజంగా ఇక్కడ మగ్గం మీద నేసినదానికే ఆ పేరు పెట్టండి. ఫొడా కుంభ అనే గోపురం డిజైను అంచుతో నేసే బరంపురం పట్టుచీరకు, జోడాకు జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకన్న గుర్తింపు) ఉంది. ధర్మవరం సరుకుని ధర్మవరం అని, బెనారస్‌ని బెనారస్ అని, పవర్‌లూమ్‌ని పవర్‌లూమ్ అని చెప్పి అమ్మండి. మన ఊళ్లో ఈ పట్టు నేసే డేరా కులంవాళ్లు తెలుగువాళ్లే, వాళ్ల మగ్గాలు ఏటికేడు తగ్గుతున్నాయి. ఎక్కడిదో చీరకు వాళ్ల పేరు తగిలించి ఆన్‌లైన్లో పెట్టడం చూస్తే నాకు నిజంగా బాధ. నేతింటికి వెళ్లి మగ్గం మీద అంచు ఎక్కుతుండగా వాళ్ల అనుమతితో ఒక నిమిషం వీడియో తీయండి. నేను చేయించినవాటిలో జనం ఎక్కువగా ఒకరికొకరు పంపుకున్నవి అలాంటివే. పట్టు స్వచ్ఛతకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. మీ సరుకులో వేటికి ఉన్నాయో చూసి ఆ లేబుల్ ఫోటో కూడా పెట్టండి. దూరాన కూర్చుని కొనేవాళ్లకు అది చాలా ధైర్యం.

ధర పెట్టాలా వద్దా అని నాన్నగారు అడుగుతారు, రాసిపెట్టుకోండి. "పెడితే పక్క కొట్టువాడు చూస్తాడు" అంటారు. పక్క కొట్టాయనకు మీ ధరలు ఎప్పుడో తెలుసు. ధర లేకపోతే కొత్త తరం అడగడానికి మొహమాటపడి పక్కకు జరిగిపోతుంది. వాట్సాప్ కేటలాగులో కనీసం "8 వేల నుంచి" అన్నట్టయినా పెట్టమంటాను. ఆన్‌లైన్లో ఒక ధర, కొట్టులో ఇంకో ధర మాత్రం ఉండకూడదు.

మీషో, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ గురించి అడిగారు. 400 రూపాయల చీరలో వాళ్లతో మీరు పోటీ పడలేరు, పడొద్దు. పట్టుచీరను క్యాష్ ఆన్ డెలివరీలో అపరిచితులకు పంపితే మడత చెదిరి తిరిగొచ్చినప్పుడు నష్టం మీదే. మొదటి ఏడాది అటు వెళ్లకండి.

యాడ్‌లు ఆరు నెలల తర్వాత, అదీ పండగ ముందు పదిరోజులు మాత్రమే. ఊరి పేరు టైపు చేయకుండా మ్యాప్‌లో కొట్టు మీద పిన్ గుచ్చి చుట్టూ వలయం గీయండి. గోపాల్‌పూర్ వైపు ఆ వలయంలో చాలాభాగం సముద్రమే. ఇచ్ఛాపురం వైపు ఆంధ్రలోకి వెళ్తుంది, అక్కడికి తెలుగు యాడ్ వేరే పెట్టండి. యాడ్ నొక్కితే వాట్సాప్ తెరుచుకునే రకం తీసుకోండి. రోజుకు 200 రూపాయలతో మొదలుపెట్టి, అడిగినవాళ్లకు పావుగంటలో జవాబివ్వగలమని తేలాకే పెంచండి.

సరిహద్దులో ఉన్నవాళ్లు జీఎస్టీ సంగతి తప్పకుండా చూసుకోవాలి. ఇచ్ఛాపురం మనకు పక్క ఊరే కావచ్చు, చట్టానికి అది వేరే రాష్ట్రం. మీ కొట్టు కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే, రాష్ట్రం బయటికి సరుకు అమ్మడానికి వీల్లేదు. ఒక్క చీర కొరియర్‌లో సోంపేట పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. రిజిస్ట్రేషనే లేని కొట్లు కూడా టర్నోవరు తక్కువ కదా అని ధీమాగా పంపకూడదు. చేనేత, హస్తకళలకు కొన్ని మినహాయింపులున్నాయి, మీ సరుకుకి వర్తిస్తాయో లేదో మొదటి పార్శిల్ కట్టకముందే ఆడిటర్‌ని అడగండి. పర్లాకిమిడి కొట్లకు ఇది మరీ ముఖ్యం, పాతపట్నం ఎదురుగా కనబడుతూనే ఉంటుంది కాబట్టి వేరే రాష్ట్రమని గుర్తే ఉండదు.

మోసాల గురించి ఒక హెచ్చరిక. మీ నంబరు గూగుల్‌లో కనబడిన నెలలోపే ఒక ఫోన్ వస్తుంది: "ఆర్మీ నుంచి మాట్లాడుతున్నాం, 20 చీరలు కావాలి, డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేయండి." గోపాల్‌పూర్‌లో ఆర్మీ కేంద్రం నిజంగానే ఉంది కాబట్టి మనవాళ్లు ఇట్టే నమ్ముతారు. డబ్బు రావడానికి మీరు స్కాన్ చేయక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది. స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వకండి, ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. గల్లా దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ, నాన్నగారితో సహా, ఇది నోటికి రావాలి.

ఈ పనంతా ఎవరు చేయాలి? మీరు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు చేస్తానంటే నడవదు. కొట్టులో ఉండే మనిషే చేయాలి. మీ దగ్గర పనిచేసే పిల్లల్లో రెండు భాషలూ వచ్చి, చీర మడత తెలిసినవాళ్లను ఒకర్ని ఎంచుకోండి. వాళ్లకు నెలకు రెండు మూడు వేలు జీతం పెంచి, పగలు ఒక గంట ఈ పనికే వదలండి. ఏజెన్సీకి ఇచ్చే 15 వేలకంటే ఆ మూడు వేలు ఎక్కువ పనిచేస్తాయి. గుణుపురంలో ఒక ఫ్యాన్సీ కొట్టులో టెన్త్ చదివిన అమ్మాయి ఇప్పుడు ఆ కొట్టు వాట్సాప్ అంతా చూస్తోంది. ఏ సరుకు ఎవరు అడిగారో ఓనరుకంటే ఆ అమ్మాయికే బాగా తెలుసు.

ఫలితం తెలియడానికి ఒక నోటు పుస్తకం పెట్టండి. కొత్త మొహం కనబడినప్పుడల్లా "మా కొట్టు ఎలా తెలిసిందండీ?" అని అడిగి గూగుల్, వాట్సాప్, బంధువులు, దారినపోతూ అని నాలుగు గళ్లలో గీతలు పెట్టడమే. గూగుల్ ప్రొఫైల్ కూడా ఎందరు ఫోన్ నొక్కారో, ఎందరు దారి అడిగారో చూపిస్తుంది. లైకులు లెక్కపెట్టకండి. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకంలో దూరపు ఊళ్లవాళ్లు పదే పదే కనబడుతుంటే, అప్పుడు వెబ్‌సైట్ గురించి మాట్లాడుకుందాం.

నాన్నగారిని ఒప్పించడానికి వాదించకండి. ఒక ఆదివారం పాత బిల్లు పుస్తకాలు పట్టుకుని ఆయన పక్కన కూర్చోండి. గత పదేళ్లలో పెళ్లిబట్టలు తీసుకున్న 50 ఇళ్ల పేర్లు ఆయనే చెప్తారు, ఆ ఇంట్లో ఇంకా పెళ్లికాని పిల్లలెవరో కూడా చెప్తారు. మీరు రాసుకోండి. ఆ 50 ఇళ్లకు ఆయన చేతే ఫోన్ చేయించి, "మా వాడు ఫోటోలు పంపుతాడట, పంపమంటారా" అని అడిగించండి. మీ మొదటి లిస్టు అదే. ఎందరు సరే అన్నారో ఇక్కడ రాయండి, తర్వాత లిస్టులు ఎలా విడగొట్టాలో చెప్తాను. ఏజెన్సీకి అడ్వాన్సు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే, వెబ్‌సైట్ పేరు ఎవరి మెయిల్ మీద కొన్నారో రేపే అడిగి కనుక్కోండి.